మన ఉత్తరం ఎవరి చేతిలో పడుతోంది?

పట్టాదారు పాసుపుస్తకం పోస్టులో వస్తోంది. బ్యాంకు ఏటీఎం కార్డు పోస్టులో వస్తోంది. ఆధార్ ఉత్తరం, కోర్టు సమను, భూసేకరణ నోటీసు, బీమా కంపెనీ లేఖ, బాకీ నోటీసు అన్నీ పోస్టులోనే వస్తున్నాయి. ఒకప్పుడు ఊళ్ళోకి కార్డు ముక్క వస్తే అది కూతురి క్షేమ సమాచారమో, పట్నంలో చదివే పిల్లవాడు డబ్బు అడుగుతూ రాసినదో అయ్యేది. అది పోతే మళ్ళీ రాసేవాళ్ళు. ఇవాళ పోస్టు సంచిలో మన భూమి కాగితం ఉంది, మన బ్యాంకు ఖాతా ఉంది, మన పేరు ఉంది. అది పరాయి చేతిలో పడితే వచ్చే నష్టాన్ని పూడ్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

పంట ధర, నీళ్ళు, కరెంటు, అప్పు - ఇన్ని సమస్యలుండగా సంఘం పత్రికలో ఉత్తరాల గురించి సంపాదకీయమేమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. ఏడాదిగా మన మండల సమావేశాల్లో వింటున్న ఫిర్యాదులే దీనికి కారణం. "నేను తీసుకోని అప్పుకు నాకు నోటీసు వచ్చింది", "కార్డు పంపామని బ్యాంకు వాళ్ళంటున్నారు, నాకైతే రాలేదు", "కేసు పడినట్టు తీర్పయ్యాక తెలిసింది". ఈ మాటలు వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు మనుషుల నుంచి వస్తున్నాయి. అన్నింటికీ మూలం ఒక్కచోటే ఉంది. మన కాగితం మన దాకా రావడం లేదు, లేదా ముందు ఇంకొకరి చేతిలో పడి వస్తోంది.

గుమ్మానికి పెట్టె లేని ఊళ్ళు

నగరాల్లో అపార్ట్‌మెంటు మెట్ల కింద వరుసగా ఉత్తరాల పెట్టెలుంటాయి. సగానికి సగం తాళాలు ఊడిపోయి ఉంటాయి. ఎవరైనా చెయ్యి పెట్టి తీసుకోవచ్చు. మన పల్లెల్లో అసలు పెట్టే లేదు. రైతు తెల్లవారకముందే పొలం పోతాడు. ఆడవాళ్ళు కూలికి పోతారు. ఇంటికి తాళం. తపాలా ఉద్యోగి వచ్చి చూసి, ఎదురింటి వాళ్ళకో, కిరాణా కొట్టులోనో, టీ హోటల్లోనో ఇచ్చి "ఫలానా వాళ్ళకు చెప్పండి" అంటాడు. అక్కడ బల్ల మీద రెండ్రోజులు పడి ఉంటుంది. వచ్చినవాడల్లా తిప్పి చూస్తాడు. అది మనిషికి మనిషి మీద ఉన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ ఆ కవరులో ఏటీఎం కార్డు ఉందని, పాసుపుస్తకం ఉందని తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడున్నా చాలు.

వలస ప్రాంతాల్లో పరిస్థితి ఇంకా కష్టం. పాలమూరు, అనంతపురం, ఉత్తరాంధ్ర పల్లెల్లో ఏడాదిలో కొన్ని నెలలు ఇళ్ళకు తాళాలే. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, చెన్నైలోనో కట్టడాల దగ్గర పనిచేసే రైతుకు ఊళ్ళో వచ్చిన కవరు సంగతి ఎవరు చెబుతారు? చనిపోయిన తండ్రి పేరు మీదే ఇంకా భూమి ఉన్న కుటుంబాలున్నాయి. ఆ పేరున వచ్చే కవరు ఏ కొడుక్కు ఇవ్వాలో తపాలా ఉద్యోగికే తెలియదు. ఆస్తి తగాదా ఉన్న ఇంట్లో ఒక అన్నదమ్ముడు తీసుకుని దాచేస్తే రెండోవాడికి కబురే అందదు.

నోటీసు అందకపోయినా అందినట్టే

ఇక్కడ ప్రతి రైతూ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సరైన చిరునామా రాసి, ఖర్చు కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టుగానే చట్టం భావిస్తుంది. అందలేదని రుజువు చేసుకోవలసిన బరువు మనమీద పడుతుంది. కవరు మీద "ఇంటికి తాళం" అని రాసి వెనక్కి పంపినా, "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసినా చాలాసార్లు కోర్టులు దాన్ని అందినట్టే లెక్కవేస్తాయి.

అంటే మన కవరు దారిలో పోయినా, ఎవడో దాచినా, గడియారం మాత్రం ఆగదు. అభ్యంతరం చెప్పుకునే గడువు అయిపోతుంది. కోర్టులో మనం లేకుండానే ఏకపక్షంగా డిక్రీ వస్తుంది. అలాంటి డిక్రీని రద్దు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డర్ 13వ రూలు కింద అడగవచ్చు. దానికి గడువు 30 రోజులు. సమను సక్రమంగా అందనప్పుడు, డిక్రీ సంగతి మనకు తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్కిస్తారు. తెలిసిన మర్నాడే లాయరు దగ్గరకు పోవాలి. పంట పని ముగించుకుని పోదాం అనుకుంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మరో మార్పు చాలామంది గమనించలేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. రిజిస్టర్డ్ పోస్టు అంటే పేరున్న మనిషికే ఇచ్చి సంతకం తీసుకోవాలని మన తాతల కాలం నుంచి తెలుసు. స్పీడ్ పోస్టు ఆ చిరునామాలో ఉన్నవాళ్ళకు ఎవరికైనా ఇవ్వవచ్చు. పేరున్న మనిషికే ఇవ్వాలంటే పంపేవాళ్ళు "రిజిస్ట్రేషన్" అనే అదనపు సేవ కోరాలి. ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతి కూడా పెట్టారు. ఒక్కో సేవకు 5 రూపాయలు, పైన జీఎస్టీ. ఆ 5 రూపాయలు పంపేవాళ్ళు కట్టాలి. బ్యాంకో, ప్రభుత్వ కార్యాలయమో మిగుల్చుకుంటే ఆ మిగులు వాళ్ళది, నష్టం మనది.

మన పేరుతో ఏం చేస్తారు?

"నా దగ్గరేముంది పోవడానికి? ఖాతాలో వెయ్యి రూపాయలు కూడా లేవు" అని చాలామంది అంటారు. దొంగకు కావలసింది ఖాతాలో ఉన్న డబ్బు ఒక్కటే కాదు. మన పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు, సర్వే నంబరు, సంతకం నమూనా దొరికితే ఆ పేరు మీద సిమ్ తీస్తాడు. ఆ సిమ్‌తో ఖాతా తెరుస్తాడు. ఆ ఖాతా ద్వారా ఎవరెవరినో మోసం చేసిన డబ్బు తిప్పుతాడు. పోలీసులు మాత్రం మన ఇంటికి వస్తారు. పాసుపుస్తకం నకలు దొరికితే దొంగ పాసుపుస్తకం తయారు చేసి పంట రుణం తీసే ముఠాలు రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. రుణమాఫీ జాబితాలు గోడకు అంటించినప్పుడల్లా సొసైటీల్లో బినామీ రుణాల సంగతి బయటికి రావడం మనం చూస్తూనే ఉన్నాం. అప్పు తీసుకోనివాడి పేరు జాబితాలో ఉంటుంది. తీసుకున్నవాడు ఊళ్ళో మీసం తిప్పుతుంటాడు.

వేలిముద్ర కూడా భద్రం కాదని ఇప్పటికే రుజువైంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి, వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేసినట్టు పోలీసులు పట్టుకున్నారు. 2022లో సైబరాబాద్ పోలీసులు ఇంకో ముఠాను పట్టుకున్నారు. వాళ్ళు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, అందులోని వేలిముద్రలతో నకిలీ ముద్రలు చేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా జనం ఖాతాల్లోంచి డబ్బు లాగారు. పొలం కొన్న పాపానికి, అమ్మిన పాపానికి రైతు వేలిముద్ర బజారున పడింది. ఇక్కడ రైతు నిర్లక్ష్యం ఎక్కడుంది? కంచే చేను మేసింది.

ఇప్పుడు రైతు విశిష్ట గుర్తింపు సంఖ్య పేరుతో మన భూమి, ఆధార్, ఫోను నంబరు, పంట వివరాలన్నీ ఒక్క దారానికి గుచ్చుతున్నారు. పథకాలు త్వరగా అందుతాయంటే మాకు అభ్యంతరం లేదు. కానీ అన్ని గదులకూ ఒకే తాళం చెవి చేసినప్పుడు ఆ చెవి పోతే బాధ్యత ఎవరిదో కూడా ముందే చెప్పాలి.

చట్టం ఏమంటోంది?

1898 నాటి తపాలా చట్టంలో 52వ సెక్షన్ ఉండేది. తపాలా ఉద్యోగి ఎవరైనా కవరు దొంగిలించినా, దాచినా, పారేసినా ఏడేళ్ళ దాకా జైలు. కవరు విప్పినా, కావాలని ఆలస్యం చేసినా 53వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు. ఆ చట్టాన్ని తీసేసి 2023లో కొత్త తపాలా చట్టం తెచ్చారు. 2024 జూన్ 18 నుంచి అది అమలులో ఉంది. కొత్త చట్టంలో ఆ శిక్షల సెక్షన్లు లేవు. భద్రత పేరుతో, శాంతిభద్రతల పేరుతో మన కవరును అడ్డగించి తెరిచే అధికారం ప్రభుత్వానికి మాత్రం 9వ సెక్షన్‌లో పదిలంగా ఉంది.

దొంగతనం, నమ్మకద్రోహం కింద భారతీయ న్యాయ సంహితలో కేసు పెట్టవచ్చు కదా అని అధికారులు అంటారు. నిజమే. అయితే ఆ సంహిత 303వ సెక్షన్ చదవండి. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపుండి, దొంగ మొదటిసారి దోషిగా తేలి, వస్తువు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. అలాంటి దొంగతనంలో పోలీసులు కోర్టు అనుమతి లేకుండా దర్యాప్తు మొదలుపెట్టే అవకాశం కూడా లేదు. ఇప్పుడు చెప్పండి, ఒక కవరు విలువ ఎంత? కాగితం, స్పీడ్ పోస్టు ఖర్చు కలిపితే వంద రూపాయలు దాటదు. కానీ అందులో ఉన్న పాసుపుస్తకం మూడెకరాల భూమికి సాక్ష్యం. ఠాణాలో రైతు నిలబడి "కవరు పోయింది" అంటే కానిస్టేబులు నవ్వి పంపేస్తే, తప్పు ఆ కానిస్టేబులుది ఒక్కడిదే కాదు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన ఊళ్ళలోనూ ఉన్నారు. అక్కడ ఇంటి ముందు పెట్టెలోంచి ఉత్తరం దొంగిలిస్తే విలువతో పని లేకుండా అది కేంద్ర చట్టం కింద నేరం. ఐదేళ్ళ దాకా జైలు ఉంది. అక్కడా దొంగతనాలు జరుగుతూనే ఉన్నాయి. అయినా ఉత్తరం విలువను కాగితం ధరతో తూచకూడదన్న సంగతి ఆ చట్టానికి తెలుసు.

ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా మన పేరు, పాస్‌వర్డు వాడుకుంటే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఇంకొకరిలా నటించి మోసం చేస్తే 66డి కింద కూడా అంతే. ఫిర్యాదులో ఈ సెక్షన్లు రాయించండి.

తపాలా ఉద్యోగి మన శత్రువు కాదు

ఇదంతా చదివి ఎవరైనా ఊరి పోస్టుమాస్టరు మీద విరుచుకుపడితే మేము చెప్పదలచింది అది కాదు. గ్రామీణ డాక్ సేవకులకు నాలుగైదు గంటల పని లెక్కన భత్యం ఇస్తారు. వాళ్ళు రెగ్యులరు ఉద్యోగులు కారు. ఒక్క మనిషి మూడు నాలుగు ఊళ్ళు తిరగాలి. పైగా బ్యాంకు పని, బీమా పని, టార్గెట్లు. సొంత బండికి సొంత పెట్రోలు. అలాంటి మనిషి ప్రతి తాళం వేసిన ఇంటికీ మళ్ళీ మళ్ళీ రాలేడు. వాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్న ఉద్యోగ భద్రత, పూర్తి జీతం డిమాండ్లకు మన సంఘం మద్దతు ఇస్తోంది. ఉత్తరం భద్రంగా చేరాలంటే మోసుకొచ్చే మనిషి బతుకూ భద్రంగా ఉండాలి.

మనం చేసుకోవలసినవి

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. ఖర్చు లేని పనులు కొన్నున్నాయి.

కార్డుకో, పాసుపుస్తకానికో దరఖాస్తు పెట్టినప్పుడు పంపిన తేదీ, 13 అక్షరాల ట్రాకింగ్ నంబరు అడిగి రాసుకోండి. ఇండియా పోస్టు వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే కవరు ఎక్కడుందో, ఏ రోజు ఇచ్చారో తెలుస్తుంది. వాళ్ళ ఉచిత ఫోను నంబరు 1800 266 6868. అందినట్టు చూపించి మనకు అందకపోతే అదే రోజు పోస్టాఫీసులో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు కోర్టులో ఆ రసీదే మనకు సాక్ష్యం.

వలస పోయేవాళ్ళు పోస్టుమాస్టరుకు కాగితం రాసి ఇస్తే ఉత్తరాలను కొత్త చిరునామాకు మళ్ళించే ఏర్పాటు తపాలా శాఖలో ఉంది. నమ్మకమైన మనిషి ఒకరికే ఇవ్వమని కూడా రాసి ఇవ్వండి. టీ హోటల్లో పెట్టవద్దని చెప్పండి.

ఆధార్ జిరాక్సు అడిగిన ప్రతివాడికీ ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే చివరి 4 అంకెలే కనిపించే ఆధార్ ఇవ్వండి. మామూలు జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా గీత గీసి, ఏ పనికి ఇస్తున్నారో, తేదీ రాసి సంతకం పెట్టండి. ఎరువుల కొట్టులో, లోను ఇప్పిస్తానన్న మధ్యవర్తి సంచిలో మన కాగితాలు ఎన్నున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. పని అయిపోయాక అడిగి వెనక్కి తెచ్చుకోండి.

ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసుకోండి. ఎం-ఆధార్ యాప్‌లోనో, ఆధార్ వెబ్‌సైటులోనో వేయవచ్చు. రేషన్ తీసుకునే రోజు, వేలిముద్ర అవసరమైన రోజు తీసి మళ్ళీ వేసుకోవచ్చు. సందేహాలకు 1947కు ఫోను చేయండి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే పది నిమిషాల పని.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ వెబ్‌సైటులో చూడవచ్చు. మీవి కానివి ఉంటే అక్కడే చెప్పవచ్చు. మీ పేరు మీద ఎన్ని అప్పులున్నాయో సిబిల్ లాంటి నాలుగు సంస్థల నుంచి ఏడాదికి ఒకసారి ఉచితంగా నివేదిక తీసుకోవచ్చు. ఖరీఫ్ రుణం కోసం బ్యాంకు మెట్లు ఎక్కకముందే ఇది చూసుకుంటే మంచిది.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. తర్వాత బ్యాంకుకు రాసి ఇవ్వండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు మనది కానప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పని దినాల్లో చెబితే మన నష్టం సున్నా. తప్పు మనదేనని రుజువు చేయవలసిన బాధ్యత బ్యాంకుదే. మేనేజరు "మీరే ఓటీపీ చెప్పి ఉంటారు" అని దబాయిస్తే ఈ మాట గుర్తు చేయండి. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. వివరాలకు 14448.

పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు తెరవకండి. ఏ పథకమూ అలా రాదు. అది ఫోనులోకి వచ్చే దొంగ ఉత్తరం.

మన డిమాండ్లు

ఒకటి: పాసుపుస్తకాలు, ఏటీఎం కార్డులు, భూమికి సంబంధించిన నోటీసులు పేరున్న మనిషికే ఇచ్చే పద్ధతిలో పంపాలి. ఆ 5 రూపాయల అదనపు రుసుము పంపే కార్యాలయమే భరించాలి.

రెండు: భూమి నోటీసు పోస్టులో పంపి ఊరుకోకూడదు. గ్రామ పంచాయతీ, సచివాలయం బోర్డు మీద అంటించి, దండోరా వేయించి, పంచనామా రాయాలి. అప్పుడే గడువు మొదలవ్వాలి.

మూడు: తపాలా చట్టంలో తీసేసిన శిక్షలను తిరిగి చేర్చాలి. గుర్తింపు పత్రాలు, భూమి కాగితాలు ఉన్న కవరు దొంగతనాన్ని 5,000 రూపాయల లెక్కతో చూడకుండా ప్రత్యేక నేరంగా ప్రకటించాలి.

నాలుగు: రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలు, ఆధార్ నంబర్లు బయటివాళ్ళకు ఒక్కటి కూడా కనిపించకుండా చేయాలి. ఇప్పటిదాకా బయటపడిన వాటి వల్ల నష్టపోయినవాళ్ళకు ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలి.

ఐదు: బ్యాంకులు, సొసైటీలు తమ రుణగ్రహీతల జాబితాను ఏటా సామాజిక తనిఖీకి పెట్టాలి. బినామీ రుణమని తేలితే రైతు పేరును నెల లోపు సిబిల్ నుంచి తీసేయించే బాధ్యత బ్యాంకుదే కావాలి.

ఆరు: కౌలు రైతులతో సహా ప్రతి గ్రామంలో డాక్ సేవకుడికి పూర్తికాలపు ఉద్యోగం ఇవ్వాలి, కావలసిన ఇళ్ళకు తాళం పెట్టెలు సబ్సిడీ మీద ఇవ్వాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో అరగంట దీనికి కేటాయించమని కోరుతున్నాం. ఊళ్ళో ఎవరెవరికి కార్డు రాలేదు, ఎవరి పేరు మీద తెలియని అప్పుంది, ఎవరికి నోటీసు ఆలస్యంగా అందింది అని రాసుకోండి. కాగితాల నకళ్ళు తీసుకోవద్దు, పేరు, ఊరు, విషయం చాలు. ఆ జాబితాలు మండల కమిటీలకు చేరాక తహసీల్దారుకు, బ్యాంకు లీడ్ మేనేజరుకు, పోస్టల్ సూపరింటెండెంటుకు ఒకే రోజు వినతిపత్రాలు ఇద్దాం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా, వచ్చే సీజను రుణాలు మొదలయ్యేలోపే ఈ పని పూర్తి చేద్దాం.